మిగిలిన గడి

రాత్రి భోజనాలు ముగిసిన తరువాత వెన్నెల వాకిట్లో కూర్చొని, అవ్వ చెప్పిన పొడుపుకథను విప్పడానికి తంటాలు పడని బాల్యం తెలుగునాట అరుదు. పత్రికలోని గళ్ల నుడికట్టు ముందు పెన్సిలు పట్టుకొని కూర్చున్నప్పుడు కలిగే ఉత్సాహం కూడా అటువంటిదే. రెండింటిలోనూ చెప్పేవారు ఒక మాటను దాచిపెడతారు. వినేవారు దానిని వెదకి పట్టుకోవాలి. దాచడంలో చమత్కారం, వెదకడంలో ఉబలాటం, దొరికినప్పుడు ‘ఇంతేనా!’ అనే నవ్వు: ఈ మూడింటి కలయికే ప్రహేళిక.

ఈ ఆటను చిన్నచూపు చూడని ఆలంకారికులు మనకు ఉన్నారు. దండి తన కావ్యాదర్శంలో పదహారు విధాలైన ప్రహేళికలను వివరించి, వాటికి మూడు ప్రయోజనాలు చెప్పాడు. గోష్ఠులలో వినోదం మొదటిది. నలుగురి మధ్య ఉండి కూడా తెలిసినవారితో గుట్టుగా మాట్లాడుకోవడం రెండవది. ఎదుటివారిని తికమక పెట్టడం మూడవది. ఈ మూడింటినీ నేను విద్యార్థిగా కంఠస్థం చేశాను, అధ్యాపకుడిగా పాఠం చెప్పాను. కాని రెండవ ప్రయోజనం ఎంత గొప్పదో 2001లో అమ్రాబాద్‌లో, గోడకు అంటించిన ఒక కాగితం ముందు నిలబడినప్పుడు మాత్రమే నాకు తెలిసింది.

ఆ కాగితం మీద ఉన్నది ఒక గళ్ల నుడికట్టు. ఈ ఆట వయస్సు నూరేళ్లకు పైబడింది. లివర్‌పూల్‌లో పుట్టి అమెరికాలో స్థిరపడిన ఆర్థర్ విన్ అనే పాత్రికేయుడు కూర్చిన గళ్ల పజిలు 1913 డిసెంబరు 21న ‘న్యూయార్క్ వరల్డ్’ పత్రికలో వెలువడింది. అదే నేటి క్రాస్‌వర్డ్‌లకు మూలం. కాలక్రమంలో ఆ వినోదం తెలుగు వారపత్రికలలోకి వచ్చింది. శ్రీశ్రీ ‘పదబంధ ప్రహేళిక’ పేరుతో, ఆరుద్ర ‘గళ్ల నుడికట్టు’ పేరుతో దీనికి సాహిత్య గౌరవం కలిగించారు.

తెలుగులో ఈ ఆటకు ఒక ప్రత్యేకత ఉన్నది. ఆంగ్లంలో ఒక గడిలో ఒక్క వర్ణం మాత్రమే నిలుస్తుంది. మనకు ఒక గడిలో గుణింతంతో, ఒత్తులతో సహా సంపూర్ణమైన అక్షరం నిలుస్తుంది. ‘స్త్రీ’ అనే మాటలో మూడు హల్లులు, ఒక అచ్చు ఉన్నా దానికి ఒక్క గడి చాలు. అందుచేత మన మాటలు రెండు మూడు గళ్లలోనే ఒదిగిపోతాయి. చూడడానికి చిన్నవి, చిక్కడానికి కష్టమైనవి. మాట ఎంత చిన్నదైతే అంత లోతుగా దాక్కుంటుంది.

నేను అమ్రాబాద్‌కు వెళ్లేనాటికి నా వయస్సు ముప్పై దాటింది. ద్వ్యర్థి కావ్యాల మీద పరిశోధన చేసి, అంతకు ఏడాది ముందే డాక్టరేటు పట్టా పొందాను. ఒకే పద్యంలో రామాయణ భారత కథలను రెండింటినీ నడిపిన పింగళి సూరన ‘రాఘవపాండవీయం’ నాకు దాదాపు నోటికి వచ్చేది. పేరు ముందు ‘డాక్టర్’ అన్న మాట కొత్తగా చేరిన రోజులవి. దానిని చూసుకొని నాలో నేను మురిసిపోయేవాడిని. దానితో పాటు ఒక అలవాటు కూడా వచ్చింది. విద్యార్థుల సమాధాన పత్రాలనే కాక, వారి దరఖాస్తులను, సెలవు చీటీలను కూడా ఎర్రసిరాతో దిద్దేవాడిని. భాషను కాపాడుతున్నానని నా నమ్మకం.

అప్పుడు మహబూబ్‌నగర్ జిల్లాలో ఉన్న అమ్రాబాద్, 2016 నుండి నాగర్‌కర్నూల్ జిల్లాలో ఉన్నది. అచ్చంపేటలో బయలుదేరిన బస్సు ఘాటు మలుపులు ఎక్కి మన్ననూరు చేరుతుంది. అక్కడినుండి ఒక దారి శ్రీశైలానికి, మరొకటి అమ్రాబాద్‌కు చీలుతుంది. ఎటు చూసినా నల్లమల. వానకాలంలో ఉదయం పూట కళాశాల వరండాలో నిలబడితే కొండల మీది పొగమంచు చేతికి అందినట్లుండేది. పత్రిక వచ్చే బస్సు ఆలస్యమైతే నా ఉదయానికి నుడికట్టు కరవయ్యేది. ఆ వెలితితోనే ఒకనాడు తరగతిలో, “పత్రిక రాకపోతే ఏమి? మనమే ఒకటి కూర్చుకుందాము. మన గోడపత్రికలో వేద్దాము” అన్నాను.

పది రోజులు గడిచాయి. నేను ఆ మాట మరచిపోయాను. ఒక శుక్రవారం ఉదయం గోడపత్రిక ముందు విద్యార్థులు గుమిగూడి ఉన్నారు. దగ్గరికి వెళ్లి చూశాను. ఏడు వరుసలు, ఏడు నిలువులు; నలభై తొమ్మిది గళ్లు. పైన ‘నల్లమల’ అనే శీర్షిక. దాని క్రింద, “జవాబులన్నీ అడవికి సంబంధించినవే. అన్నీ నింపినవారికి ఒక సీసా తేనె” అని వ్రాసి ఉన్నది. కూర్చినవారి పేరు లేదు. అక్షరాలు చేతివ్రాతకు పేరుపొందిన ఒక విద్యార్థినివి. అడిగితే, “నేను చూచి రాసిన సార్, కూర్చింది నేను గాదు” అన్నది. అంతకు మించి చెప్పలేదు.

జేబులోని పెన్ను తీశాను. విద్యార్థులు చుట్టూ చేరారు. అడ్డం మొదటి ఆధారం: ‘తల తిరిగితే తీగ (2)’. కుండలీకరణాలలోని అంకె అక్షరాల సంఖ్యను తెలుపుతుంది. తల తిరగడమంటే కళ్లు తిరగడం కాదు. ‘తల’ అనే మాటనే వెనుకనుండి చదవాలి. ‘లత’ అని వ్రాశాను. పిల్లలు చప్పట్లు కొట్టారు.

తరువాతిది: ‘ఎటునుంచి కొరికినా చింతకాయ రుచి ఒకటే (3)’. ఎటునుంచి చదివినా మారని మాట కావాలి. తెనాలి రామకృష్ణుని కథలోని ‘వికటకవి’ వంటిదన్న మాట. ‘పులుపు’ అని నింపాను. ‘తల తీస్తే తరువాతిది, తీయకపోతే నాట్యమాడుతుంది (3)’ అన్నదానికి ‘నెమలి’. మొదటి అక్షరం తీస్తే ‘మలి’ మిగులుతుంది. మలిసంధ్య అంటున్నాము కదా!

‘తేనెటీగలు కట్టేది, పెళ్లికూతురు కట్టేది (2)’ అన్న ఆధారం చదివి పైకే నవ్వాను. రెండు కట్టడాలకూ జవాబు ‘పట్టు’. ‘తాత వ్రాసేది, చెంచు వంచేది (2)’ అన్నది మరింత బాగున్నది. ఆస్తిపాస్తుల గురించి తాత వ్రాసే పత్రం, వేటకు చెంచు వంచే ధనుస్సు రెండూ ‘విల్లు’లే. ఆంగ్లపదం తెలుగుపదంతో ఇంత చక్కగా వియ్యమందడం నేను అంతకుముందు చూడలేదు.

నిలువు ఆధారాలలో ఒకటి నన్ను నిజంగా ఆశ్చర్యపరిచింది: ‘కొమ్ము విరిగిన వేటు (2)’. వేటు తగిలి కొమ్ము విరిగిన ఏ దుప్పియో కళ్ల ముందు మెదులుతుంది. కాని ఇక్కడ కొమ్ము మృగానిది కాదు, అక్షరానిది. ‘వేటు’లోని చివరి అక్షరానికి ఉన్న కొమ్మును తీసివేస్తే మిగిలేది ‘వేట’. తెలుగు లిపి తెలిసినవారు మాత్రమే చేయగల చమత్కారమిది. దీనిని కూర్చినవాడు సామాన్యుడు కాడనుకున్నాను.

ఆ తరువాత మూడర్థాల ఆధారం ఒకటి వచ్చింది: ‘తవ్వితే తిండి, పుట్టితే దేశం, లేస్తే బాధ (2)’. జవాబు ‘గడ్డ’. అడవిలో తవ్వుకొని తినే గడ్డ, పుట్టిన గడ్డ, ఒంటి మీద లేచే గడ్డ. ఒక్క మాటలో ముగ్గురు కాపురముంటున్నారు! అక్కడే నిలబడి పిల్లలకు చెప్పాను: “ఈ నల్లమల అంచున కొల్లాపురం ఉన్నది కదా, ఆ జటప్రోలు సంస్థానాన్ని పాలించిన సురభి మాధవరాయల ఆదరం పొందిన ఎలకూచి బాలసరస్వతి పదిహేడవ శతాబ్దంలో ‘రాఘవయాదవపాండవీయం’ అనే కావ్యం వ్రాశాడు. అందులో ప్రతి పద్యానికీ మూడర్థాలు. ఒకటి రాముని కథ, ఒకటి కృష్ణుని కథ, ఒకటి పాండవుల కథ. ఈ ‘గడ్డ’ను కూర్చినవారు ఆ కవికి పొరుగువారే.” ఆ మాట అంటూ పిల్లల ముఖాలు పరికించాను. ఎవరూ దొరకలేదు.

గంట మోగేసరికి గళ్లన్నీ నిండాయి, ఒక్కటి తప్ప. దాని ఆధారం ఇది: ‘ఊళ్లో పారవేస్తారు, అడవిలో కాపురముంటారు (2)’. రెండవ గడిలో ‘వేట’ నుండి వచ్చిన ‘ట’ ఉన్నది. మొదటి గడిని ఏ నిలువు మాటా తాకడం లేదు. కనుక అక్కడ సహాయం లేదు. ‘కోట’ అనుకున్నాను. మన్ననూరు దాటిన తరువాత కొండల మీద ప్రతాపరుద్రుని కోట శిథిలాలున్నాయి. అడవిలో కాపురం కుదిరింది. కాని కోటను ఊళ్లో ఎవరు పారవేస్తారు? ‘మూట’ అయితే పారవేయవచ్చు, కాపురముండలేము. ‘మాట’ అనుకున్నాను. ఊళ్లో మాట పారవేసుకోవడం ఉన్నది. మరి మాటలో కాపురముండేది ఎవరు? ‘తోట’, ‘బాట’, ‘పూట’ అన్నీ వచ్చి నిలబడి, తలవంచుకొని వెళ్లిపోయాయి.

మధ్యాహ్నం ఒక విద్యార్థి ఎదురుపడి, “సార్, అన్ని నింపిండ్రు. గదొక్కటి ఇడిసిపెట్టిండ్రెందుకు?” అని అడిగాడు. “ఆధారంలో లోపమున్నది” అన్నాను. ఆ అబద్ధం నా నోట ఎంత సునాయాసంగా వచ్చిందో తలచుకొంటే ఇప్పటికీ సిగ్గు కలుగుతుంది. గదికి వెళ్లిన తరువాత నిఘంటువు తీయాలనిపించింది. కాని రెండక్షరాల మాట కోసం నిఘంటువును ఆశ్రయించడానికి అభిమానం అడ్డువచ్చింది. నల్లగొండ సీమకు చెందిన మరింగంటి సింగరాచార్యులు పెదవులు తగలని అక్షరాలతో ‘దశరథరాజనందన చరిత్ర’ అనే నిరోష్ఠ్య కావ్యాన్ని రచించాడు. ఆ కవిని గురించి గంటల కొద్దీ ఉపన్యసించగల నాకు ఒక్క గడి నిండలేదు.

ఆదివారం నాడు శ్రీశైలం వెళ్లాలని బయలుదేరి మన్ననూరు కూడలిలో బస్సెక్కాను. నా ప్రక్కన ఒక వృద్ధురాలు కూర్చున్నది. ఒడిలో చిన్న మూట. కండక్టరు వచ్చి, “ఏ పెంటకు పోవాలె అవ్వా?” అని అడిగాడు. ఆమె తడుముకోకుండా, “అప్పాపూర్ పెంట బిడ్డా. ఫరహాబాద్ కాడ దింపు. పొద్దుగూకకముందు మా పెంట చేరుకోవాలె” అన్నది. ‘మా పెంట’ అన్నప్పుడు ఆమె గొంతులో, మనం ‘మా ఇల్లు’ అన్నప్పుడు పలికే ఆప్యాయతే పలికింది.

నేను నిటారుగా కూర్చున్నాను. చెంచులు కాపురముండే చిన్న పల్లెను ఈ అడవిలో ‘పెంట’ అంటారు. శ్రీశైలం దారిలో దోమలపెంట, ఈగలపెంట అని కండక్టర్లు కేకవేయడం ఎన్నిసార్లు విన్నానో! విన్న ప్రతిసారీ దోమలను, ఈగలను, చెత్తకుప్పను తలచుకొని నవ్వుకొన్నాను. ఊళ్లో పారవేసేది పెంట. అడవిలో కాపురముండేదీ పెంటే. మరింగంటి కవి పవర్గాన్ని తెలిసి వదిలిపెట్టాడు. నేను అందులోని ఒక్క అక్షరాన్ని తెలియక పోగొట్టుకొన్నాను.

ఫరహాబాద్ దగ్గర ఆమె దిగి, చెట్ల మధ్య బాట పట్టింది. బస్సు కదిలింది. జవాబు దొరికిన సంతోషం నాలో ఎంతోసేపు నిలువలేదు. ఎందుకంటే దాని వెనుకనే మరొక జ్ఞాపకం వచ్చింది.

ఆ సంవత్సరం జూన్ నెలలో ప్రవేశాల సమయంలో దరఖాస్తులు సరిచూసే బాధ్యత నాది. సన్నగా, నల్లగా ఉన్న ఒక కుర్రవాడు తన దరఖాస్తు నా ముందు పెట్టాడు. ‘స్వగ్రామం’ అన్న చోట తమ పల్లె పేరు వ్రాసి, దాని ప్రక్కన ‘పెంట’ అని చేర్చాడు. వెనుక వరుసలో నిలబడినవారు అది చదివి నవ్వారు. నేను వారిని వారించలేదు. ఎర్రసిరాతో ఆ మాట కొట్టివేసి, పైన ‘గూడెం’ అని వ్రాసి, “బాబూ, దరఖాస్తులో మంచి మాటలు వ్రాయాలి” అన్నాను. అతడు, “మాది పెంటనే సార్” అని మెల్లగా అన్నాడు. నేను వినిపించుకోలేదు. అతడు మరేమీ మాట్లాడక కాగితం తీసుకొని వెళ్లిపోయాడు. ఆ తరువాత తరగతిలో అతని గొంతు నేను విన్న గుర్తు లేదు.

దండి చెప్పిన రెండవ ప్రయోజనం ఇప్పుడు అర్థమయింది. వందమంది చదివే గోడ మీద ఆ కుర్రవాడు ఒక్కడితోనే మాట్లాడాడు. కోపంతో కాదు, ఫిర్యాదుతో కాదు. నేను నేర్పిన శ్లేషతోనే మాట్లాడాడు. “మీకు ఒక అర్థమే తెలుసు, మాకు రెండూ తెలుసు” అని చెప్పాడు. ద్వ్యర్థి కావ్యాల మీద పట్టా పుచ్చుకొన్న పండితుడికి రెండక్షరాల మాటలోని రెండవ అర్థం కనిపించలేదు. కనిపించకపోవడానికి కారణం పాండిత్యం లేకపోవడం కాదు. ఆ అర్థంలో నివసించే మనుషులను నేను చూడకపోవడం.

సోమవారం ఉదయం విద్యార్థులందరూ చూస్తుండగా ఆ గడిలో ‘పెం’ అని వ్రాశాను. ఒకరిద్దరు కిసుక్కున నవ్వారు. తరగతిలోకి వెళ్లి నల్లబల్ల మీద ‘పెంట’ అని వ్రాసి, రెండు అర్థాలూ వివరించాను. శుక్రవారం నాడు ఆధారంలో లోపమున్నదని చెప్పడం తప్పని, లోపం నాలోనే ఉన్నదని ఒప్పుకొన్నాను. జూన్‌లో జరిగిన సంగతి, పేరు చెప్పకుండా, చెప్పాను. తరగతి నిశ్శబ్దంగా విన్నది. చివరి బల్ల మీద ఒక తల మెల్లగా పైకి లేచింది.

మధ్యాహ్నం అతడే నా గదికి వచ్చాడు. చేతిలో తేనె సీసా ఉన్నది. నేను బీరువాలోనుండి అతని దరఖాస్తు తీసి, ‘గూడెం’ అన్న మాటను కొట్టివేసి, అతడు వ్రాసిన మాటనే తిరిగి వ్రాసి, ప్రక్కన సంతకం చేశాను. “నీ పేరు ఎందుకు వేయలేదు నాయనా?” అని అడిగాను. అతడు కొంచెం తటపటాయించి, “పేరు ఏస్తే మీరు సదవకముందే తప్పులు దిద్దుతరు సార్” అన్నాడు. ఆ మాటలో వెటకారం లేదు. ఉన్నదంతా నిజమే. నా దగ్గర జవాబు లేదు.

“కొమ్ము విరిగిన వేటు ఎట్లా తట్టింది?” అని అడిగాను. వాళ్ల తాత వేటకు వెళ్లిన కథలు చెబుతూ చేతితో నేల మీద గీతలు గీసేవాడట. అక్షరాలు నేర్చుకొన్న తరువాత, ‘టు’కు ఉన్న కొమ్మును చూసినప్పుడల్లా తనకు ఆ కథలు గుర్తుకు వచ్చేవట. తేనె నేను తీసుకోలేదు. “జవాబు చెప్పింది నేను కాదు, బస్సులో ఒక అవ్వ. బహుమతి ఆమెకు చెందాలి” అన్నాను. చివరికి ఆ తేనె తరగతిలో అందరి అరచేతులలోకీ తలా ఒక చుక్కగా చేరింది. నా వంతు చుక్క నాకూ దక్కింది.

ఆ తరువాత నేను చెంచుల గురించి చదవడం మొదలుపెట్టాను. క్రిస్టాఫ్ వాన్ ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్ అనే మానవశాస్త్రవేత్త ఈ అమ్రాబాద్ పీఠభూమిలో వారి మధ్య తిరిగి, వారి జీవితాన్ని గురించి వ్రాసిన గ్రంథం 1943లో వెలువడింది. ఎక్కడినుండో వచ్చిన ఆయన వారి పల్లెల దాకా నడిచి వెళ్లాడు. ఆ పల్లెలకు బస్సు దూరంలో ఉన్న నేను ఒక మాట దాకా కూడా నడవలేదు. చెంచులు మాట్లాడేది తెలుగే. దానికి తనదైన యాస, తనదైన మాటలు ఉన్నాయి. ఆ తెలుగును నేను ఎర్రసిరాతో చదివాను.

ఇప్పుడు ఈ అడవి, 2015లో ఏర్పడిన అమ్రాబాద్ పులుల అభయారణ్యం. దాని విస్తీర్ణం 2,600 చదరపు కిలోమీటర్లకు పైమాటే. పులిని లెక్కించడానికి చెట్లకు కెమెరాలు కడతారు. మాటలను లెక్కించడానికి అటువంటి కెమెరాలు లేవు. పలికేవారు ఉన్నంతవరకే మాట ఉంటుంది. ఒక పెంట ఖాళీ అయిననాడు, అక్కడి గడ్డల పేర్లు, తేనె రకాల పేర్లు, బాటల పేర్లు కూడా మూట కట్టుకొని వెళ్లిపోతాయి. అప్పుడు మన నిఘంటువులో ఖాళీ గడి మిగులుతుంది. దానిని నింపడానికి ఏ నిలువు ఆధారమూ దొరకదు.

నేను ఆ కళాశాల విడిచి చాలా ఏళ్లయింది. ఎర్రసిరా పెన్ను ఇప్పటికీ వాడుతున్నాను. అక్షరదోషాలను దిద్దక తప్పదు కదా! కాని తెలియని మాట ఎదురైతే దానిని కొట్టివేయను. వ్రాసినవారిని పిలిచి, “ఈ మాటకు మీ ఊళ్లో అర్థమేమి?” అని అడుగుతాను. అట్లా అడిగి తెలుసుకొన్న మాటలతో నా దగ్గర ఒక పుస్తకం నిండింది. దాని మొదటి పుటలో ‘పెంట’ అన్న మాట ఉన్నది. ప్రక్కన రెండర్థాలున్నాయి.

విద్యార్థులారా, మీలో ప్రతి ఒక్కరికీ ఒక ఊరు ఉన్నది. ఆ ఊరికి ఒక పేరు, ఆ పేరుకు ఒక కథ, ఆ ఊళ్లో మాత్రమే చెల్లే మాటలు కొన్ని ఉన్నాయి. మీ ఇంట్లోని పెద్దలను అడిగి ఆ మాటలను సేకరించండి. ఏడు వరుసలు, ఏడు నిలువులు గీసి, వాటితో ఒక నుడికట్టు కూర్చి మీ ఉపాధ్యాయుల ముందు పెట్టండి. వారికి ఒకటి రెండు గళ్లు నిండకపోతే నవ్వకండి. మీ ఊరికి వెళ్లే బస్సు ఏ వేళకు బయలుదేరుతుందో చెప్పండి.